ఉన్నది ఒక్కటే పద్నాలుగు

మొన్న గద్వాల బస్టాండు పక్కన జెరాక్సు దుకాణంలో నా వంతు కోసం నిలబడి ఉంటే, గోడకు తగిలించిన రాగిరేకు మీద తొమ్మిది గడుల మాయాచదరం కనబడింది. ఎటు కూడినా పదిహేను వచ్చే ఆ యంత్రాన్ని చూడగానే, మనకాలపు లెక్కల పిచ్చివాళ్లందరిలాగే, నా పెదవులు వాటంతటవే కూడికలు మొదలుపెట్టాయి. వెంటనే బావమరిది గుర్తొచ్చి మనసు కలతపడింది.

మేమిద్దరం లెక్కల పంతుళ్లమే; నేను గద్వాలలో, నా భార్య తమ్ముడు బిజినేపల్లిలో. ఒక ఏడాది వనపర్తిలో సైన్సు ప్రదర్శనకు మాయాచదరాల నుంచి మాయాఘనం కట్టాలనుకున్నాం. ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా సంఖ్యలు రాసిన చెక్కముక్కలను మూడు పలకలుగా పేర్చి ఒకదానిమీద ఒకటి నిలపాలి. అడ్డంగా, నిలువుగా, పైనుంచి కిందికి, ఎటు కూడినా నలభై రెండే రావాలి. సెలవుల్లో మా వరండాలో కూర్చొని అతను దాన్ని సాధించాడు. నాకు తృప్తి లేదు. ప్రతి పలకా మూల నుంచి మూలకు కూడినా నలభై రెండు ఇవ్వాలని పట్టుబట్టాను.

"కాదు బావా, మూలలకు గూడ రావాలంటె పలక నడుమ పద్నాలుగే ఉండాలె. మూడు పలకలకు మూడు గావాలె, మనకున్నది ఒక్కటే. కడమ రెండు అంగట్ల కొనుక్కొస్తవా?" అని పకపకా నవ్వాడు. లోపలినుంచి నా భార్య కూడా నవ్వింది. అతని మాట నిజమని అప్పుడే తెలిసింది, కానీ ఒప్పుకోలేకపోయాను.

ప్రదర్శనలో జనాన్ని చూసి గొప్పకు పోయి, మూలలకు కూడా సరిపోతుందని చెప్పేశాను. ఒక పెద్దాయన పై పలకను మూలకు కూడి ముప్పై అన్నాడు. "మా బామ్మర్ది పేర్చిండు సార్, యాడనో తప్పువడ్డది" అనేశాను, అతని విద్యార్థులు వింటుండగానే. ఘనంలో తప్పు లేదని ఒక్క మాటలో నిరూపించగలవాడు, అక్క మొగుణ్ని నలుగురిలో చిన్నబుచ్చకూడదని, ముక్కలను విప్పి సరిచేస్తున్నట్టు తలవంచుకున్నాడు.

చాలా ఏళ్లకు, సిగ్గు విడిచి, క్షమించమని అడిగాను. "ఎప్పటి ముచ్చట బావా! ఛాయ్ తాగు, సల్లగైతది" అన్నాడు. రాకపోకలు ఎన్నడూ ఆగలేదు, మర్యాదకు లోటు రాలేదు. కానీ ఆ ప్రదర్శన తరువాత అతను నా మాటను ఏనాడూ కాదనలేదు.

రాగిరేకు చూసిన మర్నాడే బిజినేపల్లి పోయాను. పలకలన్నీ మూలలకు కూడా కుదిరే పద్ధతి నాకు దొరికిందని కావాలనే అబద్ధం చెప్పి, అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

"అట్లనా బావా, మంచిగున్నది" అన్నాడు.

ఈ రోజుల్లో ఫోను క్షణంలో ఘనం కట్టి చూపిస్తుంది, తప్పుంటే తప్పనీ చెబుతుంది. నా తప్పు విని పకపకా నవ్వే చనువు మాత్రం, ఒకప్పుడు మా ఇంట్లో ఒకరికి ఉండేది.