పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

ఎవరన్నా దయ్యం కథ మొదలుపెడితే లేచి చెప్పులేసుకునే రకం నేను. బడిలో సైన్స్ అయివారిని. ఉదయగిరి కొండ మీద రాత్రిపూట దీపాలు కనపడతాయని పిల్లకాయలు చెప్తే, బెంచీ ఎక్కించి నిలబెట్టినాను. అట్లాంటోణ్ణి ఇది రాస్తా ఉండానంటే నాకే ఒక రకంగా ఉండాది.

ముందు మా అవ్వ సంగతి చెప్పాల. అమ్మానాయనా లేని నన్ను జలదంకి పక్క పల్లెలో సాకింది ఆమే. మేము బాప్టిస్టులం. ఆదివారం ఆరాధనలో అందరూ కండ్లు మూసుకుంటే, ఎవురో ఒకరు లేచి, ఊళ్ళో వాళ్ళ కష్టాలన్నీ పేరుపేరునా గట్టిగా చెప్పి ప్రార్థన చేస్తారు. అది మాకు అలవాటు.

నేను ఆరో క్లాసుకొచ్చినా పక్క తడిపేవాణ్ణి. ఒక ఆదివారం అవ్వ లేచి, "ప్రభువా, మా శామ్యేలు ఇంకా పక్కలో పోస్తా ఉండాడు, కరుణించు నాయనా" అనేసింది. ఇంకేముంది! ఊళ్ళో పిల్లకాయలు నన్ను బతకనిచ్చినారా? రెండు పూటలు అన్నం మానేసి, ఇంకెప్పుడూ చర్చిలో నా పేరెత్తనని అవ్వ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించినాను. పాపం, పోయేదాకా ఎత్తలేదు.

అవ్వ పోయినాక నాకు ఉదయగిరిలో ఉద్యోగం వచ్చినాది. డెబ్బైల చివరి రోజులు. బ్రహ్మచారిని కదా, ఒక టైలరు సాయిబు మిద్దె వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. మా అవ్వను ఆ ఊళ్ళో చూసినోళ్ళు ఎవురూ లేరు.

ఆ ఏడు గజ్జల్లో చిన్న గడ్డ లేచినాది. దగ్గితే బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. హెర్నియా అని నాకు తెలుసు. పిల్లకాయలకు పేగుల పాఠం చెప్పేది నేనే గదా! కానీ డాక్టరు దగ్గరికి పోతే ఊరికి తెలుస్తాది, ఊరికి తెలిస్తే ఇక్కడి చర్చిలోనూ ప్రార్థనకొస్తాది. అమ్మలక్కలందరి మధ్య నా గజ్జల మాటా! గట్టిగా గోచీ బిగించుకోని తిరిగినాను.

ఒక ఆదివారం పొద్దున బావిలో నీళ్ళు చేదుతుంటే గడ్డ దిగినాది. ఈసారి లోపలికి పోలేదు. పచ్చి జామకాయ మాదిరిగా గట్టిపడిపోయినాది. గదిలోకి పాక్కుంటా పోయి గడేసుకున్నాను. నొప్పి అంటే అదీ! కడుపులో పేగుల్ని పట్టుకోని పిండినట్టు. వాంతుల మీద వాంతులు. సాయిబు ఇంటిల్లిపాదీ అనుమసముద్రంపేట దర్గాకు పోయుండారు. వీధిలోకి వినపడేటట్టు ఒక్క కేక పెడితే ఎవురన్నా వస్తారు. వచ్చి, ఏంది అయివారూ, ఎక్కడ నొప్పి అంటే ఏం చూపించాల? కేక వినపడకుండా నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. చచ్చిపోతా ఉండానని తెలుసు. అయినా కుక్కుకున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

స్పృహ తప్పేటప్పుడు తలుపు దబదబా కొట్టినారు. నాతోపాటు పనిచేసే యోహాను, చర్చి మనుషులు ముగ్గురు, తలుపు పెళ్ళగించి లోపలికొచ్చినారు. ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. మంచంతో సహా ఎత్తి జీపులో వేసి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకపోయినారు. ఆపరేషనుకు ముందు సిస్టరమ్మ గొరిగేదానికి బ్లేడు తీసుకోని వస్తే గోడ పక్కకు మొహం తిప్పుకున్నాను. తర్వాత డాక్టరు, "చదువుకున్నోడివి, దాచుకోని ఏం సాధించినావయ్యా? ఇంకాసేపుంటే పేగు కుళ్ళిపోయేది" అని చెడామడా తిట్టినాడు.

కుట్లు మానేదాకా నవ్వితే నొప్పి, తుమ్మితే నొప్పి. అంతకంటే పెద్ద బాధ చూసేదానికి వచ్చేవాళ్ళతో. చర్చి ఆడోళ్ళు బన్నులు కట్టుకోని బస్సెక్కి వచ్చి, "గజ్జల్లో ఎట్లుండాది అయివారూ?" అనేవాళ్ళు. ఒకామె అయితే, "పెళ్ళికి ముందే బాగుచేయించుకున్నావులే, మంచి పని చేసినావు" అని నవ్వింది. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

వాళ్ళు పోయినాక యోహాను మీద పడినాను, ఊరంతా చాటింపు వేసినావు కదరా అని.

"నాకేం తెలుసురా? చర్చిలో వింటేనే గదా తెలిసింది" అన్నాడు.

ఆ పొద్దు అందరూ కండ్లు మూసుకోని ఉంటే, ఆడోళ్ళు కూచునే చాపల పక్క నుంచి ఒక ముసలామె గొంతు లేచినాదంట. ఆమె అన్న మాటలు యోహాను ఉన్నవి ఉన్నట్టు చెప్పినాడు.

"ప్రభువా, పేరెత్తనని వాడికి మాటిచ్చినాను. టైలరు సాయిబు మిద్దె వెనక గదిలో గడేసుకోని పడుండాడు. గజ్జల్లో పేగు బిగుసుకుపోయినాది. సిగ్గుతో చస్తాడు గానీ చెప్పడు నాయనా. ఎవుర్నన్నా పంపించు."

ఆమేన్ అని కండ్లు తెరిచి చూస్తే ఆ పక్క ఎవురూ నిలబడిలేరంట. పక్కామె అనుకున్నామని ఒకరు, వెనకామె అనుకున్నామని ఒకరు. గదిలో నేను పడున్న సంగతి ఎవురో పసిగట్టినారనుకున్నా, అవ్వ బైబిలు మీద చెయ్యి పెట్టిన సంగతి ఆ ఊళ్ళో ఎవురికీ తెలీదు గదా. కుట్లు లాగేస్తున్నా ఆపుకోలేక ఏడ్చినాను.

కుట్లు విప్పినాక చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. ఆ గొంతు ఎవురిదో చెప్పాలనే లేచినాను. సైన్స్ అయివారు దయ్యాల మాట చెప్తా ఉండాడంటారని సిగ్గేసి, వందనాలు అని మాత్రం చెప్పి కూచున్నాను. యోహానుకు కూడా చెప్పలేదు.

ఆ గొంతు ఎట్లా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అప్పటినుంచీ ప్రార్థన వేళ అందరూ కండ్లు మూసుకుంటే నేను తెరుచుకోని ఆడోళ్ళ చాపల పక్కే చూస్తా ఉంటాను. ఎవురూ లేవరు. లేస్తే ఒక్క మాట చెప్పాలని ఉండాది. అవ్వా, ఇంక నా పేరెత్తుకోవే, నేనేమీ అనుకోను.