పసుపు అంటిన వంతెన

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. తప్పు చేస్తే ఉద్యోగం పోదు, చేశానని ఒప్పుకుంటేనే పోతుంది. అందుకని ఐదు నిమిషాల్లో చేసిన తప్పును దాచడానికి రెండు రోజులు చెమటోడ్చేదాన్ని. ఐర్లండ్‌లో చదువు ముగించి, కిల్కెన్నీ అనే ఊరి బయట ఒక పెద్ద షెడ్డులో కొత్త ఇంజనీరుగా చేరాను. అక్కడ మేము చేసే వంతెనల్లో ఇనుమూ ఉండదు, సిమెంటూ ఉండదు. గాజు నారను గుడ్డలా పరిచి, పొర మీద పొరగా రెసిన్ అనే జిగురు పట్టించి, గట్టిపడ్డాక అచ్చులోంచి తీస్తాం. తుప్పు పట్టదు, పెద్దగా బరువుండదు, ఉప్పునీళ్ళకు చెక్కు చెదరదు. ఇదంతా ఫోన్లో గంటసేపు వివరిస్తే మా అమ్మ అడిగింది ఒక్కటే. "అంటె ప్లాస్టిక్ బకెట్ అసొంటిదేనా బిడ్డా?"

నేను మొదటిసారి డిజైన్‌లో చెయ్యి పెట్టిన వంతెన ఒక చిన్న చేపల రేవుకు వెళ్ళాలి. అక్కడి ఇనుప నడకదారి ఉప్పుగాలికి చిల్లులు పడి, జాలర్లు నిచ్చెన వేసుకుని పడవల్లోకి దిగుతున్నారు. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి సంతకం పెడితే మాది లారీ ఎక్కుతుంది. ఆ ముచ్చట పొద్దున ఫోన్లో చెప్పగానే అమ్మ అందుకుంది. "స్కూటర్ కొంటేనే పసుపు కుంకుమ పెడ్తం. మనుషులు నడిచే వంతెనను ఉత్తగనే ఎట్ల పంపుతవే?" నిజమే కదా అనిపించింది. మధ్యాహ్నం అందరూ టీకి వెళ్ళినప్పుడు, ఇంటి నుంచి పొట్లంలో తెచ్చిన పసుపు తడిపి, వంతెన పక్కగోడ మీద రూపాయి బిళ్ళంత రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. వెంటనే తుడిచేద్దామని నా ప్లాను. కుంకుమ పోయింది, పసుపు పోలేదు. (తెల్ల చున్నీ మీద పప్పు ఒలకబోసుకున్న ఎవరికైనా తెలిసే సంగతి, రెండు డిగ్రీలున్న నాకు తట్టలేదు.) సబ్బు పెట్టి రుద్దితే రూపాయి బిళ్ళ కాస్తా అన్నం కంచమంత అయింది. ఏడుపు గొంతుతో అమ్మకు ఫోన్ చేశాను. "గింత దానికి ఏడుస్తవా? ఎండల పెట్టు, గదే పోతది," అంది. నలభై అడుగుల వంతెనను ఎండలో పెట్టాలి. దానికన్నా ముందు ఎండ దొరకాలి, బయట వారం నుంచీ వానే.

మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టరు నవ్వడానికి కూడా పర్మిషన్ కావాలన్నట్టుండే పెద్దావిడ. తిన్నగా వచ్చి నా మరక ముందు ఆగింది. జేబులోంచి నాణెం తీసి, చుట్టూ కొడుతూ చెవి ఒగ్గి వింది. (లోపల పొరలు విడిపోయి ఉంటే చప్పుడు బోలుగా వస్తుంది. మనం కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే.) చప్పుడు బాగానే ఉంది. అయినా ఆవిడ తల అడ్డంగా ఊపి, "రంగు మారిందంటే రెసిన్ సరిగ్గా గట్టిపడలేదేమో. ముక్క కోసి ల్యాబుకు పంపాలి, అందాకా ఇది కదలడానికి వీల్లేదు," అంది.

మా షెడ్డు మేస్త్రి పక్కనే ఉన్నాడు. నేను మనసులో ఆయనకు గ్రాండ్ మేస్త్రి అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే షెడ్డు కప్పు కారినా, నడుము పట్టేసినా "గ్రాండ్, గ్రాండ్" అనేవాడు, అక్కడి వాడుకలో అంతా బాగానే ఉందని. ఆ రోజు మాత్రం అనలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఆ వైపు రెసిన్ కలిపింది నేనే. ఇన్నేళ్ళలో నా చేతిలో ఇలా ఎప్పుడూ జరగలేదు," అన్నాడు. నా ప్రొబేషన్ ఇంకా పది రోజులుంది, ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. కానీ ఆ ముసలాయన తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటుంటే నేను ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చాను.

"అది పసుపు," అన్నాను. "కూరలో వేసేది. నేనే రాశాను."

"వంతెన మీద కూర చేశావా?" అంది ఇన్‌స్పెక్టరు.

"లేదండీ, పూజ చేశాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "చెబితే చాలదు, నిరూపించు," అంది. పరుగున వెళ్ళి మిగిలిన పసుపు పొట్లం తెచ్చి, అదే అచ్చులోంచి వచ్చిన ఓ తుక్కు ముక్క మీద రాసి, సబ్బుతో రుద్దాను. అచ్చం అదే మరక. నా ఉద్యోగ జీవితంలో విజయవంతమైన మొదటి ప్రయోగం అదే. ఆవిడ సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఉద్యోగమూ నిలబడింది. మేస్త్రి మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ మౌనం కన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

మూడో రోజు రేవులో క్రేను వంతెనను దించింది. అందరూ ఫొటోల హడావుడిలో ఉండగా మేస్త్రి నన్ను చెయ్యి పట్టి అవతలి చివరకు లాక్కెళ్ళాడు. అటూ ఇటూ చూసి, కోటు లోపలి జేబులోంచి చిన్న సీసా తీసి నాలుగు చుక్కలు చిలకరించాడు. చర్చి నుంచి తెచ్చిన తీర్థమట. ఇన్నేళ్ళుగా ఆయన చేసిన ఏ వంతెననూ అది లేకుండా వదల్లేదట. సీసా మూత బిగిస్తూ, "నీళ్ళయితే మరక పడదమ్మా. నేర్చుకో," అన్నాడు.

ఆయన ఇప్పుడు లేడు. కొత్త వంతెనల మీద సంతకం పెట్టే పని నాది. నేనూ పెద్దగా నవ్వనని కుర్రాళ్ళు అనుకుంటారని విన్నాను. అయినా సంతకానికి ముందు రెండు నిమిషాలు వంతెనకు వీపు తిప్పి, షెడ్డు తలుపు వైపు చూస్తూ నిలబడతాను. వెనక ఎవరైనా ఏమైనా చేసుకోవాలంటే చేసుకోనీ.