కొవ్వు గురించి డాక్టరు అనని మాట

మా ఇంటి ఆడవాళ్ళు ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. రొమ్ము తీసేసిన చోట కొవ్వు ఎక్కించుకుంటే క్యాన్సర్ తిరగబెడుతుందని, మా ఆవిడ విషయంలో తెనాలి డాక్టరే అలా చెప్పారని. ఆయన అలా చెప్పలేదు. చెప్పింది నేను.

తొంభైల మొదట్లో నేను బాపట్లలో స్కూలు మాస్టర్ని. మా ఆవిడకు ఎడమ రొమ్ము తెనాలిలో తీసేశారు. ఊళ్ళో మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాను. మా వైపు ఆ ఆపరేషన్ ఇంటింటా ఉన్నదే, ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఇంటికొచ్చాక పాస్టరుగారినీ సంఘం వాళ్ళనీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టాను. అందరి ముందూ లేచి నిలబడి, గర్భసంచి పేరు మీదే దేవునికి స్తోత్రం చెప్పాను. ఆవిడ ఆడవాళ్ళ మధ్య చాపమీద తల వంచుకుని కూర్చుంది. అందరూ "ఆమెన్" అన్నారు, ఆవిడ తప్ప.

ఆ తర్వాత ఆవిడ రవికెలో దూది కుక్కిన గుడ్డసంచి పెట్టుకునేది. ఎండాకాలం చెమటకు అది పక్కకు జారేది. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి వెనక గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. "చేతులెత్తి పాడితే ఇది చంకలోకి వచ్చేస్తోందండీ," అని ఒకసారి తనే నవ్వింది.

పొట్ట దగ్గరి కొవ్వు సూదితో తీసి ఆ చోట ఎక్కిస్తారని ఏదో వారపత్రికలో చదివి, డాక్టర్ని అడుగుదాం తీసుకెళ్ళమంది. తెనాలి వెళ్ళాక ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను.

"కొందరు చేస్తున్నారు మాస్టారూ," అన్నారు డాక్టరు. "పెట్టిందాంట్లో కొంత కరిగిపోతుంది, కొంత గడ్డకట్టొచ్చు. రేపు చేతికి గడ్డ తగిలితే అది కొవ్వో జబ్బో తేల్చడం కష్టం. క్యాన్సర్ తిరగబెడుతుందా అంటారా, అవుననీ అనలేను, కాదనీ అనలేను. పెట్టించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి చూసినవాళ్ళు ఇంకా లేరు. రెండేళ్ళు ఆగి ఆలోచిద్దాం. అమ్మగారిని పిలవండి, ఆవిడకే చెప్తాను."

"భయపడుద్దండి. నేను చెప్తాలెండి," అన్నాను.

భయం నాది. మళ్ళీ ఆపరేషన్ అంటే ఊళ్ళో ఏం చెప్పాలి? గర్భసంచి రెండుసార్లు తీయరు కదా. రెండేళ్ళ తర్వాత కూడా ఆవిడ ఈ ఊసు ఎత్తకుండా ఉండాలి. ఆవిణ్ణి పుట్టింట్లో దింపడానికి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు అనేశాను.

"కొవ్వు పెడితే క్యాన్సర్ తిరిగి వస్తుందట."

"డాక్టరుగారే అన్నారా?"

"ఆయనే."

ఆవిడ విశ్రాంతికని రేపల్లెలోనే ఉండిపోయింది. వేసవి సెలవులకు నేను వెళ్ళేసరికి సగమైపోయి ఉంది. నెయ్యి, గుడ్డు, మాంసం, చివరికి తాలింపులో నూనె కూడా మానేసింది. అత్తగారు కొంచెం గొప్పగానే చెప్పింది.

"పెడితే వచ్చేది తింటే రాదా అల్లుడుగారూ? దాని కూర వేరే గిన్నెలో, నూనెచుక్క తగలకుండా వండుతున్నా."

"కొంచెం తినొచ్చులెండి," అన్నాను.

"డాక్టరుకంటే మీకెక్కువ తెలుసేంటి?" అంది మా ఆవిడ.

బాపట్ల తిరిగొచ్చాక కూడా అదే పత్యం. రెండేళ్ళ పరీక్షకు మళ్ళీ తెనాలి వెళ్ళాం. బరువు చూసి డాక్టరు కంగారుపడ్డారు. జబ్బు వేరేచోటికి పాకిందేమోనని పరీక్షలన్నీ చేయించారు. ఎందులోనూ ఏమీ లేదు.

"మరి ఇలా ఎందుకైపోయావమ్మా?"

"కొవ్వు ముట్టట్లేదండి. కొవ్వు పెడితే తిరగబెడుతుందని మీరే అన్నారంటగా."

"నేనా? నేనలా అన్లేదే!" ఆయన నావైపు చూశారు. ఆవిడ చూడలేదు.

"మరేమన్నారండి?" అని ఆయన్నే అడిగింది.

ఆయన నాతో అన్నదంతా మళ్ళీ చెప్పారు, ఈసారి కాగితం మీద బొమ్మ గీసి. గడ్డల సంగతి ఆవిడ గుచ్చి గుచ్చి అడిగింది. తర్వాత తలెత్తి, "గడ్డ తగిలితే వచ్చి చూపించుకుంటానండి. నాకు పెట్టండి," అంది.

"తీయడానికి నీ ఒంట్లో కొవ్వెక్కడుందమ్మా?"

ఆవిడ కుచ్చిళ్ళ మీదుగా పొట్ట తడుముకుంది. "తింటే వస్తుందాండి?"

"రావచ్చు. ముందు తిను."

తిరుగు ప్రయాణంలో బండి పొన్నూరు దాటింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "మా అమ్మకు మీరే చెప్పండి," అంది. "నేను చెప్తే మిమ్మల్ని కాపాడుతూ చెప్తాను."

ఆ ఆదివారం రేపల్లె వెళ్ళాను. అత్తగారు పీట వేసి కాఫీ ఇచ్చింది. "డాక్టర్లు ఇప్పుడు మాట మార్చారండి అత్తయ్యా," అన్నాను.

"ముందన్నదే నిజమై ఉంటుందిలే బాబూ," అందామె. చుట్టాలందరికీ ఆ మొదటి మాటే చెప్పుకుంటూ పోయింది.

మా ఆవిడ తిన్నది. కొద్దిగా ఒళ్ళు వచ్చింది, చాలదన్నారు డాక్టరు. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు.

"అమ్మకు చెప్పారా?" అని మాత్రం ఒకసారి అడిగింది.

చెప్పానన్నాను.