కొల్లేటి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?

నా చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన పెద్ద పంతులుగారిని తలుచుకుంటే, ఎనభై దాటిన ఈ వయసులోనూ నాకు ఏవగింపే కలుగుతుంది. తెల్లదొరల రోజులవి. కొల్లేటి గట్టున మాది తాటాకుల బడి, ఒక్కటే గది. లెక్కలైనా, భూగోళమైనా ఆయన దగ్గర ఒకటే పద్ధతి, గొంతు చించుకుని వల్లించడం. అర్థం అడిగితే బెత్తం.

చిన్న తరగతికి ఒక పంతులమ్మగారుండేవారు. ఏలూరు మిషను బడిలో చదువుకున్న మనిషి. పిల్లల్ని రేవుకు తీసుకెళ్ళి, దోనె నడిపే గెడను నీళ్ళలో దింపి, ఎన్ని మూరలు తడిసిందో కొలిపించేవారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పలక మీద తీసివేత లెక్క అయ్యేది. బురదలో వేలితో గీసిన ఏర్లే వాళ్ళకు భూగోళం. పెద్ద పంతులుగారు దాన్ని పందుల ఆట అని వెక్కిరించేవారు. నేనూ పగలబడి నవ్వేదాన్ని. మాకు పొలాలున్నాయి. చేపలు పట్టేవాళ్ళ పిల్లలను మాత్రం, మా ఈడువాళ్ళయినా, ఆయన చిన్న తరగతి దాటనివ్వలేదు.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజున నీచుకంపని ఆ పిల్లల్ని గది బయట నిలబెట్టారు. నాకు మాత్రం వారం ముందు నుంచీ నాలుగు జవాబులు వరసగా బట్టీ పట్టించారు. మొదటి ప్రశ్న పెద్ద పంతులుగారే అడిగారు, చెప్పాను. రెండోది ఇన్‌స్పెక్టరుగారు అందుకున్నారు.

“మీ కొల్లేట్లోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయమ్మా?”

“హిమాలయ పర్వతముల నుండి అండి!” అన్నాను. నేను బట్టీ పట్టిన వరసలో రెండోది గంగానది జవాబు.

పెద్ద పంతులుగారు విననైనా వినకుండా “భేష్!” అన్నారు.

పంతులమ్మగారు లేచారు. “బయట గుమ్మం పక్కన నిలబడ్డ ఆ పిల్లను అడగండి, చెబుతుందండి.”

“అది మన బడి పిల్ల కాదండి,” అన్నారు పెద్ద పంతులుగారు.

“హాజరు పట్టీలో ఉందండి. దాని పేరు కొట్టేస్తే నా పేరూ కొట్టేయండి.”

ఆ పిల్ల లోపలికొచ్చి మట్టినేల మీద వేలితో గీసి చూపించింది. “తమ్మిలేరు ఇటేపు, బుడమేరు ఇటేపు వచ్చి పడతాయండి. ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోద్దండి.”

ఆ పిల్లను నా తరగతిలో కూర్చోబెట్టమన్నారు ఇన్‌స్పెక్టరుగారు. పెద్ద పంతులుగారు వంగి వంగి చిత్తమన్నారు. ఇన్‌స్పెక్టరుగారి పడవ అటు కదిలిందో లేదో, ఆ పిల్ల నిలబడిన చోట పేడనీళ్ళతో అలికించారు. అంత నీచం నేను మళ్ళీ చూడలేదు.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. పంతులమ్మగారు నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాడు పొద్దున రేవుకు తీసుకెళ్ళి గెడ నా చేతికిచ్చారు. “పట్టుకోమ్మా, నీకూ తెలియాలిగా,” అన్నారు. అది ఒండ్రులో దిగబడి, దాంతోపాటు నేనూ బోర్లా పడ్డాను. నవ్వకుండా చెయ్యిచ్చి లేపింది ఆ పిల్లే. ఆ రోజు సాయంత్రానికి తడిసిన మూరలు లెక్కపెట్టడం నాకూ వచ్చింది.

తర్వాత నేనూ తాడేపల్లిగూడెంలో పాతికేళ్ళకు పైగా పిల్లలకు చదువు చెప్పాను. ఏ పిల్లయినా తడుముకోకుండా జవాబు చెబితే నాకు సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చేది. ఎలా తెలిసిందని అడిగేదాన్ని. ఆ పెద్ద పంతులుగారిని నేటికీ క్షమించలేదు. ఆయన్ని మెప్పించాలని తాపత్రయపడిన నన్నూ క్షమించుకోలేదు.