కాగితంలో గుండె ఎవరిది?

బజారు మలుపులో, మెట్ల కింద ఇరుకు గదిలో మిషను పెట్టుకున్న దర్జీని అందరూ 'రేపు మాస్టారు' అనేవారు. బట్టలెప్పుడిస్తారని ఎవరడిగినా ఏడాది పొడవునా అదే జవాబు మరి. ఆ మేడ మీదే అక్కా బావల దగ్గర ఉండేవాడు.

ఒకప్పుడు ఆయన చెవుల్లో ఇద్దరు కాపురం పెట్టారు. పొద్దస్తమానం వాదులాట, తిట్లు. సూదిలో దారం ఎక్కించనిచ్చేవారు కాదు. స్కిజోఫ్రీనియా అన్నారు డాక్టర్లు. ఎన్నో మందులు మార్చాక ఒక మాత్ర పనిచేసింది. ఆ ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని పోయారు. మాస్టారు మళ్ళీ కత్తెర పట్టాడు, జోకులు వేశాడు, ఒళ్ళు కూడా చేశాడు.

ఈమధ్య మాత్రం మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాలు ఉబ్బేవి. ఆ మాత్ర కొందరి గుండెను దెబ్బతీస్తుందని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పి, అప్పుడప్పుడూ ఈసీజీ తీయిస్తూ ఉండేది. ఈసారి పరీక్ష అనగానే మాస్టారికి బెంగ పట్టుకుంది. సంగతి బయటపడితే మాత్ర ఆపేస్తారు. ఆపితే ఆ ఇద్దరూ పెట్టేబేడాతో దిగిపోతారు.

గ్యాస్ బండలు మోసే బావను పక్కకు పిలిచాడు.

"బావా, నీ గుండె ఓ పూట అరువిస్తావా?"

"అరువివ్వడానికి అదేమన్నా గొడుగా?"

"నా బదులు వెళ్ళి బల్ల మీద పడుకోవడమే. మంచి ప్యాంటు కుట్టిపెడతా."

"జేబులు లోతుగా పెట్టాలి మరి," అన్నాడు బావ.

ఆసుపత్రిలో ఈసీజీ గదివాళ్ళు మాస్టారి పేరు పిలవగానే బావ దర్జాగా వెళ్ళి పడుకుని వచ్చాడు. డాక్టరమ్మ కాగితం చూసి మురిసిపోయింది.

"గుండె భేషుగ్గా ఉంది. నిద్ర సరిగా పట్టడం లేదన్నారుగా, మాత్ర కాస్త పెంచుదామా?"

వద్దు వద్దంటూ మాస్టారు కుర్చీలోంచి లేవబోయాడు. ఉన్న మోతాదుకే గుండె ఇలా కొట్టుకుంటుంటే, ఇంకా పెంచితేనా? ఆ గాభరా చూసి ఆవిడ నాడి పట్టుకుంది. వేళ్ళ కింద గుర్రప్పందెం. పాదాల వంక చూసింది, మళ్ళీ కాగితం వంక చూసింది.

"ఇందులో ఉన్న గుండె ఎవరిదండీ?"

తలుపు దగ్గర నిలబడ్డ బావ చెయ్యెత్తాడు. "నాదేనండి. బాగానే ఉందన్నారుగా?"

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఆ తర్వాత కోప్పడింది, కాస్త గట్టిగానే. మాస్టారు తలొంచుకుని తన భయమంతా చెప్పుకున్నాడు.

"ఆ మాట ముందే అనుంటే సరిపోయేదిగా. ఒకటి తగ్గిస్తూ ఇంకోటి మొదలుపెడతాం. మిమ్మల్ని వాళ్ళకి వదిలేస్తామా?"

అసలు మనిషికి అసలు పరీక్షలు చేశారు. గుండె కండరం నీరసించిందని తేలింది. గుండెకు మందులిచ్చి, పాత మాత్రను తగ్గిస్తూ కొత్తది మొదలుపెట్టారు. విషయం విన్న అక్క ఇద్దర్నీ కలిపి దులిపేసింది.

"ఇదిగో, వీడికి బుద్ధి లేకపోతే ఈయనకేమైంది?" అంది, ఎవర్ని అడుగుతోందో ఇద్దరికీ తెలియకుండా.

మందు మారుతుండగా మధ్యలో, చెవుల్లో కాపురమున్న ఆ ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు. మిషను పక్కన చేరి, కుడుతున్న చొక్కాకి జేబు వంకరగా ఉందని సణిగాడు. మాస్టారు ఈసారి దాచలేదు, ఆ పూటే డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాడు. ఆవిడ మందు సరిచేసింది. కొన్నాళ్ళకు సణుగుడు పోయింది, పాదాల వాపూ తగ్గింది. గుండె మునుపటంత గట్టిది కాలేదుగానీ, మెట్లెక్కడానికి ఇప్పుడు మధ్యలో ఒక్కసారి ఆగితే చాలు.

సణుగుడు సంగతి చెప్పిన ఆ పూట, ఫోను పెట్టేశాక ఆయన టేపు తీసి ఆ చొక్కా జేబు కొలిచి చూశాడు. నిజంగానే వంకరగా ఉంది. ఆ సంగతి మాత్రం డాక్టరమ్మకు చెప్పలేదు.