బాపు హర్రాజులో గెలిచిన పచ్చ కారు

ఆ రోజుల్లో మా కరీంనగర్ వైపు ఎక్కడైనా హర్రాజు ఉందంటే అదొక జాతర. జాగీర్లు పోయాయి. నవాబులు ఒక్కొక్కరే బంగళాలు ఖాళీ చేసి హైదరాబాద్ వెళ్ళిపోతుంటే, వాళ్ళ సామానంతా వాకిట్లో పరిచి వేలం వేసేవారు. కొనేవాళ్ళు పదిమందైతే చూసేవాళ్ళు ఊరంతా. సద్ది కట్టుకుని మరీ వచ్చి చెట్ల నీడన కూర్చునేవారు. మా పక్కింటాయన అలాంటి హర్రాజులోనే ఒక నిలువెత్తు బెల్జియం అద్దం కొన్నాడు. అది దర్వాజలో పట్టకపోయేసరికి కొట్టంలో బర్రె ముందు ఆనించాడు. ఆ బర్రె తన మొహం తానే చూసుకుంటూ తీరిగ్గా నెమరు వేస్తుంటే మేం పడీపడీ నవ్వేవాళ్ళం. పక్కింటి సంగతి కాబట్టి అంత హాయిగా నవ్వగలిగాం.

మాది ధర్మపురి దగ్గరి పల్లె. మా వైపు అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మెట్రిక్ తప్పాను. మంచిర్యాలలో మా మేనమామ దగ్గర బొగ్గు లారీ నడపడం నేర్చుకున్నాను గానీ, ఆ విద్య చూపించుకునే చోటు లేక ఇంట్లో ఖాళీగా తిరుగుతున్నాను. (సైకిల్ తొక్కుతూ కూడా నోటితో గేర్లు మార్చేవాణ్ణి. ఊళ్ళో నాకు 'బుర్రుబుర్రు' అని పేరు కూడా పెట్టారు.) ఆ ఏడు యాసంగి వరి పొట్ట మీదుండగా మా మోట ఎద్దుల్లో ఒకటి కాలు విరిగి కూలబడింది. ఎద్దులు తోలుబొక్కెన లాగితేనే బావిలో నీళ్ళు మడికెక్కే కాలం అది. ఎద్దు పడింది, నీళ్ళు ఆగాయి. బాపు ఎక్కడో ఒక పంపు సంపాదించి బావి గట్టున బిగించాడు. ఇక దాన్ని తిప్పే ఆయిల్ ఇంజన్ కొనడానికి నన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ బయలుదేరాడు. అవ్వ గడపలో నిలబడి నాతో అంది: "మీ బాపుకు చెప్పురా, గీ వారంల నీళ్ళు వారకపోతే వరి ఎండిపోతది. ఇంజన్ లేకుంట ఇంటికి రావొద్దని చెప్పు. ఇంకోటి, మీ మామ గూడ ఆడికే వస్తుండట. వాడేమన్న పిచ్చిపని జేయవోతే జర ఆపుమను." బాపు ఆమెకు జానెడు దూరంలోనే చెప్పులు తొడుక్కుంటున్నాడు. (మొగుడితో అనాల్సిన మాట కొడుకుతో అనడం మా అవ్వ పద్ధతి. బాపు కూడా జవాబు నాకే ఇచ్చేవాడు. వాళ్ళిద్దరి కాపురం చాలావరకు నా మీదుగానే నడిచింది.)

మామ వచ్చింది ఇంజన్ కోసం కాదు, హర్రాజు కోసం. ఒక నవాబు సాబు బంగళా ముందు ఆ రోజు వేలానికి వచ్చినవాటిలో ఒక కారు ఉంది. తమలపాకు పచ్చ రంగు, పైన కప్పు లేదు, ముందు పొడుగాటి ముక్కు, దాని వెనకాల ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత జాగా మాత్రమే. పందేలలో పరుగెత్తడానికని ఇంగ్లండులో చేసి ఓడలో దించిన బండి అట. అటువంటివి దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని హర్రాజు వేసే మున్షీ చెబుతుంటే జనం నోళ్ళు తెరిచారు. ఏళ్ళ తరబడి నిలబడిపోయి టైర్లు పగుళ్ళిచ్చాయి. ఆ కొలత టైర్లు హైదరాబాద్‌లో కూడా దొరకవన్నారు. కానీ మున్షీ మనిషి హ్యాండిల్ తిప్పగానే ఇంజన్ గర్జించింది. నా గుండె అక్కడే ఆ సీట్లోకి దూకేసింది. మామ అత్తరు గుబాళిస్తూ నా భుజం మీద చెయ్యేశాడు. "అల్లుడా, గిది నాకొస్తే స్టీరింగ్ నీ చేతికే. నేను పక్కన కూసోని మీసం దువ్వుకుంట పోత." బాపు గొణిగాడు: "ఇంటినిండ పిల్లలున్నరు. ఇద్దరు కూసునే బండి ఏం జేస్కుంటవ్‌రా?" మామ తడుముకోలేదు. "ఒక్కొక్కల్ని తిప్పుత బావా!"

వేలం పాట మొదలైంది. మామకు పోటీగా నిలబడింది జగిత్యాల గిర్నీ షావుకారి ఒక్కడే. మా వడ్లు ఏటా మరపట్టేది ఆయన గిర్నీలోనే. ఈయనొక మాట, ఆయనొక మాట. మామ పాట కాస్తా చేతిలో పైకం దాటి లారీ తాకట్టు పెట్టే దాకా వెళ్ళింది. బాపుకు చెమటలు పట్టాయి. అవ్వ అప్పగించిన పని గుర్తొచ్చి నా చెవిలో తన ఉపాయం చెప్పాడు. మా వైపు బావ, బావమరిది ఇంట్లో ఎంత పరాచికాలాడుకున్నా, నలుగురిలో అక్క మొగుడు ఒక మాట అన్నాక బావమరిది దాని మీద మాట అనడు. అంటే అక్కనే అన్నట్టు. "నేనొక్కటి పాడుత. వాడు నోరు మూస్తడు. షావుకారి నా మీద పాడుతడు. బండి ఆయనకు వోతది, వీని పీడ వోతది" అని బాపు లేచి నిలబడి, కండువా సర్దుకుని గట్టిగా పాట పెంచాడు. అనుకున్నట్టే మామ టక్కున నోరు మూసుకుని చేతులు కట్టుకున్నాడు. బాపు నా వైపు చూసి కన్ను గీటాడు. మా బాపు కన్ను గీటడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మున్షీ "ఏక్ బార్" అన్నాడు. అందరూ షావుకారి వైపు చూశారు. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ప్రేమగా నవ్వాడు. "పటేలా, ఇన్నేండ్లల్ల నాకు గిది గావాలె అని నలుగురిట్ల నువ్వు నోరు దెరిచి అడుగంగ సూడలే. నీకు మనసైంది. నేనడ్డమొస్తనా? తీస్కో!" జనం చప్పట్లు కొట్టారు. బాపు మొహంలో నెత్తురు లేదు. "అయ్యో, గట్ల గాదు షావుకారీ, నువ్వు పాడు!" "దో బార్!" "పాడ పటేలా." "నా మాటిని ఒక్కసారి పాడయ్యా!" "నీది పెద్దమనసు. గని నేను పాడ." అంతలో "తీన్ బార్" అయిపోయింది. మామ పరుగెత్తుకొచ్చి బాపును కావలించుకుని వలవల ఏడ్చాడు. "నాకోసమే గదా బావా! నేను నట్టేట్ల మునుగుతనని నువ్వు భుజానేస్కున్నవ్." బాపు బతిమాలాడు: "నీకోసమే, నువ్వే తీస్కపోరా!" మామ రెండు చెవులూ మూసుకున్నాడు. "బావ కొన్నది గుంజుకుంటనా? నాకు సిగ్గులేదా? గిది మా అక్క ఇంట్లనే ఉండాలె!" నడుముకు కట్టిన సంచి విప్పుతూ బాపు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఇంజన్ కోసం తెచ్చిన పైకమంతా అక్కడే పోయింది. నాకు మాత్రం లోపల్లోపల పండగ్గా ఉంది.

మామ లారీ మీద ఎక్కించుకుని కారును మా వాకిట్లో దించాం. ఊరు ఊరంతా వచ్చింది. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "మీ బాపునడుగురా, గిదేనా ఇంజన్?" బాపు కండువాతో కారు మీది దుమ్ము దులపసాగాడు. మామే ముందుకొచ్చి పొడుగాటి ముక్కు పైకెత్తాడు. "జూడక్కా, లోపల ఉన్నది ఇంజనే!" "ఇంజనైతే నీళ్ళు తోడిచ్చి సూపెట్టు!" అని అవ్వ విసురుగా లోపలికి వెళ్ళి, పొయ్యి మీది గిన్నెల మీద కోపమంతా తీర్చుకుంది. ఆమె కోపంతో అన్నది. కానీ అక్క నోటి నుంచి వచ్చిన ఏ మాటనూ మామ వట్టిగా పోనివ్వడు. గడ్డం కిందికి చెయ్యి పెట్టుకుని కాసేపు కారునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నన్ను జగిత్యాల గిర్నీకి తరిమాడు. అక్కడ షావుకారి జరిగింది విని కడుపు చెక్కలయ్యేలా నవ్వి, గిర్నీలో చక్రాలు తిప్పే పెద్ద తోలు పట్టా ఇచ్చి పంపాడు.

మర్నాడు పక్కింటాయన ఎడ్లను ఒక్క పూటకు అడిగి తెచ్చి కారును బావి గట్టుకు లాగించాం. ఒక వెనక చక్రాన్ని బండరాళ్ళ మీద పైకెత్తి, టైరు పీకి, ఉత్త చక్రానికీ పంపుకూ పట్టా బిగించాం. నేను మంచిర్యాల విద్యంతా గుర్తుచేసుకుని గేరు వేశాను. మొదటిసారి పట్టా జారి మామ తలపాగాను మడిలోకి విసిరేసింది. రెండోసారి పంపు దగ్గింది, తుమ్మింది, ఆపైన నా నడుమంత లావు నీళ్ళు కాలువలోకి దుమికాయి. పిల్లలు కేకలు పెట్టారు. బాపు చెప్పులతోనే కాలువలో నిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. అవ్వ వచ్చి ధార కింద చెయ్యి పెట్టి, "పెట్రోలు తాగే ఎద్దును తెచ్చిండ్రు గని, నీళ్ళు మంచిగనే తోడుతున్నది" అంది. ఈసారి నాతో కాదు, సూటిగా బాపుతోనే. వరి దక్కింది.

ఆ వేసవంతా నేను రోజూ కారు నడిపాను. అది గట్టు మీంచి అంగుళం కదల్లేదు గానీ, నేను మాత్రం మలుపుల్లో ఒరిగేవాణ్ణి, ఎదురుగా వచ్చే కొంగలకు హారన్ కొట్టేవాణ్ణి. ఒక మధ్యాహ్నం సద్ది తెచ్చిన అవ్వ చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చెప్పులు కింద విడిచి, నా పక్క సీట్లో కూర్చుంది. కాసేపు ఇంజన్ మోత వింది. "యాడిదాక వచ్చినంరా?" అంది. "ధర్మపురి దాటినమవ్వా." "గోదారి దాటు మరి. అవుతల మా అవ్వగారి ఊరు. పోక ఎన్నేండ్లాయె." దాటించాను. "మరి నా కొంగు ఎగురుతలేదేందిరా?" "మెల్లగ పోతున్నమవ్వా." ఆమె కళ్ళు మూసుకుని సీటుకు ఆనుకుంది. "మెల్లగనే పోనియ్యి. తొందరేమున్నది."

కోతలయ్యాక మామ ఎవరో బొంబాయి ఆయన్ను తీసుకొచ్చి కారు అప్పగించాడు, ఆ పైకంతో ఇంజన్ వచ్చింది. తర్వాత చాలా బండ్లు నడిపాను, చాలా ఊళ్ళు తిరిగాను. అవ్వను నిజంగానే గోదావరి దాటించి పుట్టింటికి తీసుకెళ్ళాను కూడా. ఆ రోజు దారి పొడుగునా ఆమె మడికి నీళ్ళు కట్టారో లేదో అని ఒకటే పరేషాన్. ఇప్పుడు మా అబ్బాయి నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వడు, చూపు ఆనదంటాడు. పక్క సీట్లో కూర్చుని, "ఎక్కడిదాకా వచ్చాంరా?" అని అడుగుతాను. వాడు ఫలానా చోటని సరిగ్గా చెబుతాడు. నేను మరోచోటు అనుకుని కళ్ళు మూసుకుంటాను.