ఆదిశేషు అంకుల్ ముక్కులో ఏముంది

ఆదిశేషు అంకుల్‌కి ఒక్కటే పిచ్చి: ప్లేగు డాక్టరు వేషం. మూడొందల ఏళ్ల క్రితం యూరప్‌లో ప్లేగు రోగుల్ని చూడబోయే వైద్యులు వేసుకున్న దుస్తులన్నీ ఆయన స్వయంగా కుట్టుకున్నారు. మైనం పూసిన పొడుగు కోటు, తోలు చేతితొడుగులు, రోగిని ముట్టుకోకుండా దుప్పటి ఎత్తి చూడటానికి కర్ర, గాజు కళ్ల ముసుగు, ఆ ముసుగుకి జానెడు పొడవున కాకిముక్కు. షికాగో పక్కన మా అరోరాలో ఏ తెలుగువాళ్లింట్లో పుట్టినరోజైనా, గుమ్మంలోకి ముందు ముక్కు వచ్చేది, తర్వాత ఆయన.

"ఈ ముక్కులో ఏముందో చెప్పు చూద్దాం," అనేవారు, చేతిలో ప్లేటుతో ఎటూ పారిపోలేని వాళ్లని పట్టుకుని.

చెడుగాలి వల్లే ప్లేగు వస్తుందని నమ్మి, ఆ రోజుల్లో ముక్కు నిండా పుదీనా, లవంగాలు, కర్పూరం కూరేవారట. అంకుల్ మాత్రం ప్రమోద ఆంటీ పోపులపెట్టె మీద పడేవారు.

"జీలకర్రా?"

"కాదు."

"వామా?"

"దగ్గరకొచ్చావు."

"ఇంగువ," అనేవారు ఆంటీ. "ఇండియా నుంచి తెచ్చుకున్న ఆఖరి డబ్బా. నేను చారులో వేద్దామనుకున్నాను, మీ అంకుల్ పీల్చేశారు."

అసలు సంగతి ఆయన చివర్లో చెప్పేవారు. ప్లేగు గాలి వల్ల రాదు, ఎలుకల ఒంటిమీది పురుగులు కుడితే వస్తుంది. "ముక్కు ఎందుకూ పనికిరాలేదమ్మా. వాళ్లని ఎంతో కొంత కాపాడింది ఈ మైనం కోటే. పాపం ఆ సంగతి వాళ్లకే తెలీదు."

ఆయన్ని చూస్తే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. 1978లో, నేను హైస్కూల్లో ఉండగా, నన్ను లైబ్రరీ నుంచి తీసుకురమ్మని అమ్మ ఆయనకి చెప్పింది. ఏదో పార్టీ నుంచి ఆ వేషంతోనే సరాసరి వచ్చారు. ముక్కు కారు కిటికీలోంచి బయటికి ఉంది.

"సీట్ బెల్ట్ పెట్టుకో, రేణూ."

"మీరు ముందు ముక్కు తియ్యండి, అంకుల్."

ఇల్లు చేరేదాకా సీటు కింద నక్కి కూర్చున్నాను.

1984లో షికాగోలో సాహిత్యం ఎం.ఏ. చదువుతూ, సాహిత్యంలో ప్లేగు గురించి సెమినార్ పేపరు రాశాను. అందులో సగం అంకుల్ చెప్పినవే. దాన్ని క్లాసులో అందరి ముందూ నిలబడి చదవాలి. నలుగురూ నా వైపు చూస్తుంటే నేను చదవలేను. అంతకుముందు పేపరు రెండో పేజీలోనే ఆగిపోయి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఈసారీ అలాగే అయితే వచ్చే ఏడాది క్లాసులు చెప్పే పని నాకివ్వడం కుదరదని ప్రొఫెసర్ చెప్పేసింది. ఆ జీతం లేకపోతే నా చదువు అక్కడితో ఆగినట్టే.

తప్పులు చూడమని అంకుల్‌కి ఒక కాపీ ఇచ్చాను.

"బాగానే రాశావే. మరి భయం దేనికి?"

"అందరూ నన్నే చూస్తారు అంకుల్."

"అంతేనా? అయితే వాళ్లు నిన్ను చూడకూడదు," అన్నారు, మందు రాసిచ్చినట్టు.

ఆ రోజు నేను లేచి నిలబడి కాగితాలు సర్దుకుంటున్నాను. తలుపు తెరుచుకుంది. ముందు ముక్కు వచ్చింది.

"రేణూ, ఈయన నీకు తెలుసా?" అంది ప్రొఫెసర్.

"తెలియదు," అన్నాను.

గాజు కళ్లు ఒక్కసారి నా వైపు తిరిగాయి. "సారీ, నాటకం రిహార్సల్ ఇక్కడే అనుకున్నాను," అన్నారాయన ఇంగ్లీషులో. "కోటు బరువు. కాసేపు కూర్చోవచ్చా?"

ప్రొఫెసర్ సరేనంది. ఆయన వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నారు. గదిలో ఉన్న ఇరవై తలలూ వెనక్కి తిరిగాయి. నా ముందు మిగిలినవి ఇరవై వీపులు. వీపులకి చదవడం అంత తేలికని నాకు అప్పటిదాకా తెలీదు. ఎవరైనా నా వైపు తిరగబోతే, వెనక కర్ర ఒకసారి టక్కుమనేది. పధ్నాలుగు పేజీలూ ఎక్కడా ఆగకుండా చదివాను. చప్పట్లు అయ్యేసరికి ఆఖరి వరస ఖాళీగా ఉంది.

క్లాసులు చెప్పే పని నాకే వచ్చింది. ఆ మాట అమ్మతో చెప్తుంటే కూడా నా చెవుల్లో "తెలియదు" అన్న నా గొంతే వినిపించింది.

శనివారం వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో కుర్చీకి ముసుగు వేలాడుతోంది.

"ఈసారి నా ఇంగువ జోలికి రాలేదు తెలుసా," అన్నారు ఆంటీ. "ఎందుకండీ అంటే, ముక్కులో చోటు లేదన్నారు."

ముక్కులో చెయ్యి పెట్టాను. చుట్ట చుట్టిన కాగితాలు వచ్చాయి. నా పేపరే. రెండో పేజీ పక్కన ఎర్ర పెన్సిల్‌తో రాసి ఉంది: "ఇక్కడ ఆగితే అందించాలి."

వెనకనుంచి అంకుల్ గొంతు వినపడింది. "ఎవరమ్మా నువ్వు? మనం ఎక్కడైనా కలిశామా?"

"నేను తెలీదన్నాను, అంకుల్."

"ముసుగేసుకున్నవాణ్ణి ఎవరు గుర్తుపడతారు? చారు తిని వెళ్లు. ఇవాళ ఇంగువ ఉంది."

ఆ తర్వాత వచ్చిన ఉగాది భోజనాల్లో, ఊరికి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. గుమ్మంలోకి ముక్కు వచ్చింది.

"ఎవరండీ ఆయన?"

"మా అంకుల్," అన్నాను, గదిలో అందరికీ వినపడేలా. "ఆ ముక్కులో ఏముందో అడగండి."

పాపం, అతని గారెలు చల్లారిపోయాయి.